ఎదురుచూడటమంటే ఓర్చుకోవటమేనా?

(క్రిస్మస్‌కి ముందు జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



క్రిస్మస్ గురించి మాట్లాడమని మీరు పిలిచినప్పుడు, ఏం మాట్లాడమంటారని అడిగాను. "కేకు గురించీ స్టారు గురించీ మాకు తెలుసు, లోపలి అర్థం చెప్పండి" అన్నారు మీ కార్యదర్శి. ఆ మాట నాకు నచ్చింది. మన సమావేశాల్లో మతం ప్రస్తావన వస్తే సాధారణంగా రెండు రకాలుగా మాట్లాడుకుంటాం. మతాలన్నీ స్త్రీలని అణచివేసేవే అని ఒక తీర్మానం చేసేస్తాం. లేదంటే మతసామరస్యం పేరుతో అన్ని పండగలకీ శుభాకాంక్షలు చెప్పి ఊరుకుంటాం. నమ్మేవాళ్లు అసలు ఏం నమ్ముతున్నారో వినటం ఈ రెండింటిలోనూ లేదు. కానీ మీరు పనిచేసే మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో మీటింగుకి వచ్చే ఆడవాళ్లలో చాలామంది ఆదివారం గుడికి వెళ్లేవాళ్లే. వాళ్లకి రాజ్యాంగం కంటే ముందు తెలిసిన పుస్తకం బైబిలు. అందులో ఏముందో తెలుసుకోకుండా వాళ్లతో హక్కుల గురించి మాట్లాడితే సగం మాటే మాట్లాడినట్టు.

నేను చదువుకున్నది సమాజశాస్త్రం, వేదాంతం కాదు. గుంటూరు వైపు లూథరన్ కుటుంబంలో పుట్టాను కాబట్టి ఈ భాష నా చెవులకి అలవాటు. ఎవర్నీ నమ్మమనీ చెప్పను, మానమనీ చెప్పను. ఇవాళ నేను పట్టుకోబోయేది ఒకే ఒక్క మాట: ఎదురుచూపు.

భర్త కొడుతున్నాడని పాస్టరు గారి దగ్గరికి వెళ్లిన స్త్రీకి దొరికే సలహా ఏమిటో మీకు తెలుసు. "ప్రార్థన చేసుకో అమ్మా, దేవుని సమయం కోసం కనిపెట్టుకుని ఉండు." పల్లెల్లో తిరిగిన ఇన్నేళ్లలో ఈ మాట లెక్కలేనన్నిసార్లు విన్నాను. చెప్పేవాళ్లందరూ చెడ్డవాళ్లు కాదు, చాలామందికి ఇంకేం చెప్పాలో తెలియదు. అయితే సరిగ్గా ఇదే మాట, కనిపెట్టుకుని ఉండటం, క్రిస్మస్‌కి ముందు వచ్చే ఆగమన కాలానికి ప్రాణం. మరి ఆ ఎదురుచూపూ ఈ ఎదురుచూపూ ఒకటేనా?

ఆగమన కాలం గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. క్రిస్మస్‌కి ముందున్న నాలుగు ఆదివారాల కాలం ఇది. నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య పడే ఆదివారంతో మొదలవుతుంది. లాటిన్‌లో దీని పేరు 'అద్వెంతుస్', అంటే రాక. సంఘ కాలెండరులో కొత్త సంవత్సరం కూడా ఆ రోజే మొదలు. క్యాథలిక్కులు, లూథరన్లు, దక్షిణ ఇండియా సంఘం వాళ్లు దీన్ని పాటిస్తారు. బాప్టిస్టు, బ్రదరన్, పెంతెకోస్తు విశ్వాసుల్లో చాలామందికి ఈ పేరు అంత పరిచయం లేదు. వాళ్లకి డిసెంబరంతా క్రిస్మసే. ఈ కాలానికి ఊదా రంగు వాడతారు. అది పశ్చాత్తాపానికి గుర్తు. వారానికొకటి చొప్పున నాలుగు కొవ్వొత్తులు వెలిగించే అలవాటు మాత్రం అంత పాతది కాదు. 1839లో హాంబర్గ్‌లో విఖెర్న్ అనే పాస్టరు, దిక్కులేని పిల్లల కోసం తాను నడిపే ఆశ్రమంలో, ఒక బండి చక్రానికి కొవ్వొత్తులు గుచ్చి మొదలుపెట్టాడు. పండగ ఇంకెన్ని రోజులుందో ఆ పిల్లలు లెక్కపెట్టుకోవటానికి. ఇప్పుడు మన దగ్గర డిసెంబరు మొదటి వారం నుంచే 'సెమీ క్రిస్మస్' మొదలైపోతుంది. ఆఫీసులో ఒకటి, కాలనీలో ఒకటి, రాజకీయ నాయకుడు పెట్టించేది ఇంకొకటి. ఎదురుచూడటానికి తీరిక ఎక్కడ?

చాలామందికి ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. ఆగమన కాలంలో మొదటి ఆదివారం చదివే పాఠాల్లో పసిబిడ్డ ఉండడు. లోకాంతం ఉంటుంది. మెలకువగా ఉండండి, యజమాని ఏ జామున వస్తాడో తెలియదు అన్న హెచ్చరిక ఉంటుంది. కత్తులు సాగగొట్టి నాగటి కర్రులు చేసుకునే రోజు గురించి యెషయా ప్రవక్త చెప్పిన మాటలుంటాయి. అంటే ఈ ఎదురుచూపు రెండు రాకల మధ్య ఉంది. ఒకసారి పశువుల తొట్టిలో వచ్చాడు. న్యాయం తీర్చటానికి మళ్లీ రావలసి ఉంది. 12వ శతాబ్దంలో క్లేర్వో మఠాధిపతి బెర్నార్డ్ ఈ రెండింటి మధ్యన మూడో రాకని కూడా చెప్పాడు. అది మనిషి లోపలికి, రోజూ, నిశ్శబ్దంగా. ఏమైనా, తొలి వారంలోనే వినపడేది లోకం ఇప్పుడున్నట్టు ఉండకూడదన్న మాట. జోలపాట తర్వాత వస్తుంది.

ఇప్పుడు మత్తయి సువార్త తెరవండి. క్రిస్మస్ కథకి అది మొదటి పేజీ. అక్కడ ఒక వంశావళి ఉంది. ఫలానావాడు ఫలానావాణ్ణి కన్నాడు అంటూ వరసగా మగవాళ్ల పేర్లు. చదివేవాళ్లు గబగబా దాటేస్తారు, నిద్ర వస్తుంది కూడా. ఆ మగవాళ్ల మధ్యలో మరియకంటే ముందు నలుగురు స్త్రీలున్నారు. తామారు, రాహాబు, రూతు, పేరు చెప్పకుండా 'ఊరియా భార్య'. రాహాబు యెరికో పట్టణపు వేశ్య. రూతు పరదేశి, విధవ. ఊరియా భార్య బత్షెబని రాజు దావీదు పిలిపించుకుని, తర్వాత ఆమె భర్తని యుద్ధంలో చంపించాడు. ఆమె పేరు రాయకుండా చచ్చిపోయిన భర్త పేరు రాయటం ఆమెని చిన్నబుచ్చటమా, రాజు నేరాన్ని గుర్తుచెయ్యటమా? నాకు రెండోదే అనిపిస్తుంది.

వీళ్లలో తామారు దగ్గర కాసేపు ఆగుతాను. ఆమె కథ ఆదికాండం 38వ అధ్యాయంలో ఉంది. ఆదివారం బడిలో ఎవరూ చెప్పరు. యూదా పెద్దకొడుకుని పెళ్లి చేసుకుంది, అతను చనిపోయాడు. అప్పటి ఆచారం ప్రకారం మరిదికిచ్చారు, అతనూ చనిపోయాడు. మూడోవాడు చిన్నవాడు. మామగారు యూదా ఏమన్నాడంటే, వీడు పెద్దవాడయ్యేవరకూ మీ పుట్టింటికి వెళ్లి విధవగా ఉండు అన్నాడు. చూశారా, ఎదురుచూడమన్నాడు! ఇవ్వాలన్న ఉద్దేశం అతనికి లేదు. ఈ కొడుకు కూడా పోతాడేమోనని భయం. ఆమె వెళ్లింది, ఎదురుచూసింది. పిల్లవాడు పెద్దవాడయ్యాడు. తనని మర్చిపోయారని ఆమెకి అర్థమైంది. అప్పుడు విధవ బట్టలు తీసేసి, ముసుగు వేసుకుని, మామగారు వెళ్లే దారిలో కూర్చుంది. అతను ఆమెని వేశ్య అనుకున్నాడు. బేరం కుదిరేదాకా పూచీగా అతని ముద్ర, దాని దారం, చేతికర్ర తీసుకుని దగ్గర పెట్టుకుంది. మూడు నెలలకి ఆమె గర్భవతి అని తెలిసి, బయటికి ఈడ్చుకొచ్చి కాల్చెయ్యమన్నాడు ఆ పెద్దమనిషి. ఆమె ఆ వస్తువులు పంపించి, ఇవి ఎవరివో ఆయన వల్లే గర్భవతినయ్యాను అంది. తప్పు తనదేననీ, తన కంటే ఆమే న్యాయవంతురాలనీ యూదా ఒప్పుకోవలసి వచ్చింది.

ఆ వ్యవస్థలో కొడుకు పుడితే తప్ప విధవకి తిండీ, నీడా, పేరూ లేవు. ఆ హక్కుని ఆమె ఆ వ్యవస్థ నిబంధనల్లోనే, సాక్ష్యం దగ్గర పెట్టుకుని మరీ రాబట్టుకుంది. కోర్టుల్లో భరణం కేసులు చూసే మీకు ఆ ముద్రా ఆ కర్రా విలువేమిటో వేరే చెప్పక్కర్లేదు. ఇలాంటి స్త్రీని క్రీస్తు నానమ్మల వరసలో, మొదటి పేజీలో పెట్టాడు మత్తయి. ఎదురుచూడమని మోసపుచ్చితే ఊరుకోని స్త్రీతో క్రిస్మస్ మొదలవుతుంది. ఇది నేను కల్పించి చెప్తున్నది కాదు, ఏ ఇంట్లో బైబిలు తెరిచినా ఉంటుంది.

తర్వాత మరియ. మన క్రిస్మస్ కార్డుల మీద మరియ తెల్లగా, నీలి ముసుగులో, తల వంచుకుని ఉంటుంది. అణకువకి నమూనా అని పెళ్లి ప్రసంగాల్లో ఆమెని చూపిస్తారు. లూకా రాసింది మళ్లీ చదవండి. నజరేతు అనే పేరులేని ఊళ్లో, ప్రధానం అయి ఇంకా కాపురానికి వెళ్లని పిల్ల. గర్భం దాలిస్తే ఆ ధర్మశాస్త్రం ప్రకారం రాళ్లతో కొట్టి చంపే ప్రమాదం ఉంది. యోసేపు మంచివాడు కాబట్టి గొడవ చెయ్యకుండా రహస్యంగా వదిలేద్దామనుకున్నాడు. మంచివాడు చెయ్యగలిగింది అంతే! దేవదూత చెప్పినదానికి మరియ వెంటనే తలూపలేదు. ఇదెలా జరుగుతుంది అని ప్రశ్న వేసింది, జవాబు విన్నాక ఒప్పుకుంది. తండ్రిని అడగలేదు, యోసేపుని అడగలేదు. ఒప్పుకున్నాక చేసిన మొదటి పని, తనలాగే అనుకోకుండా గర్భవతి అయిన ఇంకో స్త్రీ దగ్గరికి, ముసలి ఎలీసబెతు దగ్గరికి, కొండ ప్రాంతానికి వెళ్లటం. ఎలీసబెతు భర్త జెకర్యా యాజకుడు. దూత మాట నమ్మలేదని అతనికి మాట పడిపోయింది. ఆ ఇంట్లో మతాధికారి మూగవాడై కూర్చుంటే ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటారు. లూకాకి హాస్యం తెలుసని నా అనుమానం.

అక్కడ మరియ పాట పాడింది. పెద్ద సంఘాల సాయంకాల ప్రార్థనలో అది రోజూ ఉంటుంది కాబట్టి అందులో ఏముందో వినపడకుండా పోయింది. బలవంతుల్ని గద్దెల మీదనుంచి దించాడు, దీనుల్ని పైకెత్తాడు, ఆకలిగొన్నవాళ్ల కడుపు నింపాడు, ధనవంతుల్ని ఉత్తచేతులతో పంపేశాడు అని దాని సారాంశం. అన్నీ జరిగిపోయినట్టే పాడింది. గద్దె మీద హేరోదు అలాగే కూర్చుని ఉన్నాడు, అయినా దించేశాడని పాడింది. ఇదే ఆగమన కాలపు ఎదురుచూపు. రాబోయేదాన్ని వచ్చినట్టుగా పట్టుకుని, ఉన్నదాన్ని శాశ్వతమని ఒప్పుకోకపోవటం. ఆ పాటలో తన గురించి ఆమె వాడిన మాటకి తెలుగు బైబిల్లో 'దీనస్థితి' అని ఉంది. దాన్ని మనం వినయం అని చదువుకున్నాం. మూలంలోని గ్రీకు మాట 'తపెయినోసిస్' అణగదొక్కబడిన స్థితిని చెప్పేది. అది గుణం కాదు, ఆమె ఉన్న పరిస్థితి. వినయంగా ఉన్నందుకు మెచ్చుకున్నాడని కాదు, అణగారి ఉన్నందుకు చూశాడని.

హిట్లర్ అధికారంలోకి వచ్చిన 1933లోనే, డిసెంబరు 17న, ఆగమన కాలపు మూడో ఆదివారం, లండన్‌లోని జర్మన్ సంఘంలో బోన్‌హోఫర్ అనే యువ పాస్టరు ఈ పాట మీద ప్రసంగించాడు. ఇది బొమ్మల్లో కనిపించే మెతక మరియ పాడే పాట కాదు, విప్లవ గీతమని చెప్పాడు. పదేళ్ల తర్వాత బెర్లిన్ జైల్లోనుంచి స్నేహితుడికి రాసిన ఉత్తరంలో జైలుగదిని ఆగమన కాలంతో పోల్చాడు. లోపల ఏదో ఒకటి చేస్తుంటాం, ఆశపడుతుంటాం, కానీ తలుపు తాళం బయటినుంచే తియ్యాలి అన్న అర్థంలో. 1945 ఏప్రిల్‌లో ఆయన్ని ఉరితీశారు.

ఈ తలుపు మాట నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. బయటినుంచి ఎవరో వచ్చి తియ్యాలంటే మనమెందుకు, సంఘాలెందుకు? స్త్రీలకి ఎప్పుడూ చెప్పింది ఇదేగా! కానీ ఈ పోలిక తెచ్చింది చేతులు ముడుచుకు కూర్చున్నవాడు కాదు, ప్రతిఘటనలో పాల్గొని జైలుకెళ్లినవాడు. తన శక్తి ఎంతవరకో తెలిసినవాడు. క్రైస్తవులు కృప అనేది దీన్నే. అన్నీ నా చేతుల్లో లేవని ఒప్పుకుంటూనే నా చేతిలో ఉన్నది చెయ్యటం. మూడేళ్ల ప్రాజెక్టు, ఆరునెలల రిపోర్టు లెక్కల్లో బతికే మనం కూడా ఈ మాట విననవసరం లేదనుకోను. అయినా బోన్‌హోఫర్‌తో నాకు ఒక తగువు మిగిలే ఉంది. లూకా కథలో తలుపు బయటినుంచి మాత్రమే తెరుచుకోలేదు. లోపల ఒక పిల్ల సరే అనేదాకా దేవుడు కూడా ఆగవలసి వచ్చింది. ఆగమన కాలంలో ఎదురుచూసేది మనుషులొక్కళ్లే కాదు.

ఇక పుట్టుక. డిసెంబరు 25 అన్న తేదీ బైబిల్లో లేదు. రోములో 4వ శతాబ్దం నుంచి ఆధారం దొరుకుతుంది, ఆర్మేనియా సంఘం ఇప్పటికీ జనవరి 6నే చేసుకుంటుంది. తేదీ పెద్ద విషయం కాదు. దేవుడు శరీరం ధరించాడన్నది విషయం. తెలుగులో 'నరావతారం' అంటాం గాని, మనకు అలవాటైన అవతారాల కథలకీ దీనికీ తేడా ఉంది. ఇక్కడ వచ్చింది మెడ నిలవని పసిగుడ్డు. ఆడదాని పాలు తాగితే తప్ప బతకడు. శరీరం ఉన్నట్టు కనపడ్డాడే గాని నిజం శరీరం కాదని వాదించినవాళ్లు తొలి శతాబ్దాల్లోనే ఉన్నారు. సంఘం ఆ వాదాన్ని తోసిపుచ్చింది. 431లో ఎఫెసు మహాసభ మరియకి 'దేవుని తల్లి' అన్న పేరు ఖాయం చేసింది. అంటే మాయ, ఉమ్మనీరు, రక్తం, నొప్పులు, అన్నీ దేవుడికి పనికొచ్చాయి. ఇంత నమ్మిన సంఘమే అదే శరీరం పేరు చెప్పి స్త్రీలని బలిపీఠానికి దూరంగా నిలబెట్టింది. ఈ వైరుధ్యం ఎత్తిచూపటానికి స్త్రీవాదులే కావలసిన పనిలేదు, పురిటి మైల పట్టిన ఏ ఇంటి ఆడపిల్లయినా చెప్తుంది.

పశువుల తొట్టి అన్న మాట మన పల్లెల్లో ఎలా వినపడి ఉంటుందో ఆలోచించండి. చచ్చిన గొడ్డుని మోసి, తోలు వొలిచి, అందుకే అంటరానివాళ్లయిన మనుషులకి, దేవుడు గొడ్ల పాకలో పుట్టాడని చెప్తే! 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు పక్కన కొండ మీద ఐదుగురు మోకరించారు. బాప్టిస్టు మిషనరీ జూయెట్, ఆయన భార్య, తెలుగువాళ్లు ముగ్గురు. ఆ ముగ్గురిలో ఇద్దరు స్త్రీలు, జూలియా, రూతు. ఒంగోలుకి ఒక పనివాణ్ణి పంపమని ప్రార్థించారు. 1866లో క్లౌ ఒంగోలు వచ్చేదాకా పన్నెండేళ్లు గడిచాయి. అదే ఏడాది బాప్తిస్మం తీసుకున్న యెర్రగుంట్ల పేరయ్య మాదిగ, తోళ్ల వ్యాపారి. ఆయన భార్య నాగమ్మ కూడా తీసుకుంది. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వకంలో క్లౌ వేలమందికి పని ఇచ్చాడు, కానీ కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. గంజి కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది. గంజి కోసం మతం మారారని ఇప్పటికీ తేలిగ్గా అనేవాళ్లకి ఈ తేదీ గుర్తుచెయ్యండి.

క్రిస్మస్ కథలో మనం దాటేసే ఇంకో భాగం ఉంది. హేరోదు బేత్లెహేములో రెండేళ్లలోపు మగపిల్లల్ని చంపించటం, ఈ కుటుంబం రాత్రికి రాత్రి ఐగుప్తుకి పారిపోవటం. పాత సంఘాల కాలెండరులో డిసెంబరు 28 ఆ పిల్లల జ్ఞాపకదినం. మన పిల్లల నాటకాల్లో హేరోదు బుర్రమీసాలతో నవ్వించి వెళ్లిపోతాడు. మత్తయి మాత్రం అక్కడ రాహేలు ఏడుపుని గుర్తుచేశాడు. ఓదార్పు వద్దన్న తల్లి ఆమె. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిని ఊరుకోమని ఆ కథ అనదు.

ఇక మన కాలానికి వద్దాం. 1869 నాటి భారతీయ విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ భర్తకి భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే చాలు. భార్యకి అది చాలదు, దానికి తోడు క్రూరత్వమో, రెండేళ్లు వదిలెయ్యటమో ఇంకేదో కూడా రుజువు చెయ్యాలి. ఒట్టి కొట్టటం, తిట్టటం సరిపోవు. 1995లో కేరళ హైకోర్టు ఈ వివక్షని తప్పుపట్టింది. పార్లమెంటు సవరణ తెచ్చింది 2001లో. 132 ఏళ్లు! మార్పు ఆలస్యం కావటంలో సంఘ పెద్దల వెనకాడటానికి కూడా వాటా ఉంది. ఆ 132 ఏళ్లలో ప్రతి డిసెంబరూ గుళ్లల్లో మరియ పాట చదువుతూనే ఉన్నారు.

లూకా క్రిస్మస్ కథ జనాభా లెక్కతో మొదలవుతుంది. చక్రవర్తి ఔగుస్తు అందర్నీ లెక్కరాయమన్నాడు, నిండుగర్భిణి కూడా ప్రయాణం చెయ్యవలసి వచ్చింది. మన పల్లెల్లో లెక్కరాసేవాళ్లు వస్తే ఏం జరుగుతుందో మీకు తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాని హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవ దళితుల్ని, ముస్లిం దళితుల్ని చేర్చలేదు. పరిశీలించమని 2022లో కేంద్రం ఒక కమిషన్ వేసింది. ఈలోగా గుళ్లో మరియమ్మ, సర్టిఫికెట్టులో మంగమ్మ. ఒక ఊళ్లో ఒకామె నాతో అంది: "దేవుడికి నా పేరు తెలుసమ్మా, గవర్నమెంటుకి చెప్తే పిల్లాడి సీటు పోద్ది." రెండు పేర్లతో బతకటం అబద్ధమని ఆమెని ప్రశ్నించేముందు, ఏ చట్టం ఆమెని అక్కడికి తోసిందో అడగాలి.

ఏమీ కదలలేదని కాదు. 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి ఎగ్గోని పుష్పలలిత బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో మొదటి మహిళా బిషప్ మన తెలుగు స్త్రీ. పల్లె గుడి దాకా ఆ మార్పు రావటానికి ఇంకా చాలా ఉంది. అక్కడ ఆడవాళ్లు గుడి ఊడుస్తారు, కేరల్స్ వాళ్లు అర్ధరాత్రి ఇంటికొస్తే లేచి టీలు పెడతారు, కానుకలు పోగుచేస్తారు. కమిటీలో మాత్రం కనపడరు.

ఈ నెలలో మీరు పల్లెలకి వెళ్తారు కదా. అక్కడి స్త్రీల సమాజం వాళ్లతో కూర్చుని రెండు భాగాలు చదివించండి. ఆదికాండం 38, లూకా మొదటి అధ్యాయం. చదువురానివాళ్లకి ఎవరైనా చదివి వినిపించొచ్చు. మీరేం వివరించకండి, వాళ్లనే మాట్లాడనివ్వండి. నాలుగో ఆదివారం పాఠాలు చాలాచోట్ల మరియ చుట్టూ తిరుగుతాయి, ఆ రోజు ఆ పాట ఎవరు చదువుతారో ముందే కనుక్కుని, ఒక స్త్రీకి ఇమ్మని పాస్టరు గారిని అడగండి. కాదంటే ఎందుకు కాదో వాళ్లనే అడగమనండి. దూరంనుంచి వచ్చినవాళ్లకి చివరి బస్సు ఏడింటికట, వాళ్ల ప్రశ్నలు ముందు తీసుకుందాం.